వెల్లకిలా తేలే చెక్కచేప

మొదటి చెక్కచేప నీళ్ళలో వేసిన మరుక్షణమే మునిగిపోయింది.

పైన తేలాల్సిన చేప అది. పాత వాకిలి చట్రం మార్చినప్పుడు మిగిలిన టేకు ముక్కను నాలుగు ఆదివారాలు కూర్చుని చెక్కాను. పొట్ట గుండ్రంగా రావాలని గరుకు కాగితంతో వేళ్ళు మంట పుట్టేదాకా రుద్దాను. కళ్ళ చోట రెండు నల్లపూసలు అతికించి, తోక కింద రెండు బరువైన ఇనుప గాలాలు బిగించాను. పెరట్లో తొట్టిలో వేస్తే తోక ముందు కిందికి దిగి, అడుగున ఒకసారి పొర్లి, అక్కడే ఆగిపోయింది. నా భార్య పక్కన బట్టలు జాడిస్తూ ఉంది.  తొట్టిలో చెయ్యి పెట్టి దాన్ని తీసి గట్టు మీద పెట్టి, మళ్ళీ తన పనిలో పడింది. ఏదో ఒకటి అని ఉంటే నాకు కొంచెం తేలిగ్గా ఉండేది.

నేను అల్లూరు దగ్గర ఒక హైస్కూల్లో సైన్సు చెబుతాను. వస్తువు ఎందుకు తేలుతుంది, ఎందుకు మునుగుతుంది అన్న పాఠం ఇరవై ఏళ్ళుగా ప్రతి ఏడూ చెబుతున్నాను. ఆ పాఠానికి నాకు పుస్తకం తెరవాల్సిన పని లేదు. అలాంటిది అరచేతి పొడవున్న చెక్కముక్క నా మాట వినలేదు. ఆ టేకు చేపను బీరువా మీది అట్టపెట్టెలో పడేసి, దాని ఊసు ఇంట్లో ఎవరూ ఎత్తకుండా చూసుకున్నాను.

ఇదంతా మా అన్న కోసం మొదలుపెట్టిన పని.

అన్న నాకంటే పన్నెండేళ్ళు పెద్ద. ఉప్పుకాలవ పక్కనున్న మా ఊళ్ళోనే ఉండి వరి పండిస్తాడు. పొలంలో పని ఎంత ఉన్నా సాయంత్రానికి కాలవ గట్టున తూము దగ్గర ఉండాల్సిందే. చుట్టూ ఉన్న రొయ్యల గుంటల నీళ్ళు ఆ తూము గుండా కాలవలో పడతాయి. ఆ నీళ్ళతో కొట్టుకొచ్చే చిన్న రొయ్యల కోసం పండుగప్ప చేపలు అక్కడికి చేరతాయి. పొద్దు వాలేవేళ అవి పైకొచ్చి మేత అందుకుంటుంటే ఎవరో చప్పట్లు కొట్టినట్టు వినపడుతుంది. ఆ చప్పుడును బట్టి చేప ఎంత ఉంటుందో అన్న చెప్పేవాడు. చేతికి దారం చుట్టుకుని, గాలానికి బతికున్న రొయ్యను గుచ్చి విసిరేవాడు. ఆయనకు వేరే సరదా ఉన్నట్టు నాకు తెలియదు. ఆదివారం ఆరాధన కాగానే తెల్లచొక్కా కూడా మార్చుకోకుండా అక్కడికే పోతాడని వదిన సణిగేది.

పోయినేడాది కోతల సమయంలో ఆయనకు పక్షవాతం వచ్చింది. నెల్లూరు ఆసుపత్రిలో మూడు వారాలు ఉన్నాం. మాట తిరిగొచ్చింది. కాలు కొంచెం ఈడ్చుకుంటూ అయినా నడవగలుగుతున్నాడు. ఎడమ చెయ్యి మాత్రం రాలేదు. వేళ్ళు ముడుచుకుంటాయి, విచ్చుకోవు. రోజూ పిసకమని ఆసుపత్రిలో ఇచ్చిన రబ్బరు బంతిని ఇంటికొచ్చిన వారానికే గొడ్లకొట్టం పైకి విసిరేశాడు.

ఆయన్ను మళ్ళీ తూము దగ్గరికి తీసుకుపోవాలని నేను ఒక రాడ్డు, దారం చుట్టే రీలు కొనుక్కొచ్చాను. గట్టున తుమ్మ గుంజ పాతి, దానికి వాలుగా ప్లాస్టిక్ పైపు ముక్క కట్టాను. రాడ్డును ఆ పైపులో నిలబెట్టి రీలు తెరవాలి, దారాన్ని చూపుడువేలికి తగిలించుకోవాలి, రాడ్డు పైకెత్తి విసరాలి, మళ్ళీ పైపులో దించి అదే చేత్తో రీలు తిప్పుకోవాలి. ఇవన్నీ ఒక్క కుడిచేత్తో ఏ వరసలో చేస్తే కుదురుతుందో ఆయనే కనిపెట్టుకున్నాడు. నేను నేర్పింది ఏమీ లేదు. రెండు వారాల్లో నాకంటే దూరం విసరసాగాడు.

చిక్కు రొయ్య దగ్గర వచ్చింది. బతికున్న రొయ్య ఒక్క చేతిలో ఆగదు. అందుకని నేనే గుచ్చి ఇచ్చాను. ఒకసారి విసిరాడు. రెండోసారి విసిరాడు. మూడోసారి నేను రొయ్య కోసం బక్కెట్లో చెయ్యి పెట్టగానే రాడ్డును పైపులో పెట్టేశాడు.

"చాల్లేరా. ఇంటికి పోదాం పా."

"ఇంకా పొద్దుండాది గదన్నా."

"ప్రతిసారీ ఒకడు పక్కన నిలబడి గుచ్చిస్తే నేను పట్టేది ఏంది? అది నువ్వు పట్టినట్టు."

ఆ తర్వాత నెల రోజులు కాలవ వైపే పోలేదు. నేను ఎంత చెప్పినా కుర్చీలోంచి లేవలేదు.

రొయ్యే అక్కర్లేని గాలం కావాలి. ఫోన్లో వెతికితే, పెద్ద చేపలు నిజమనుకుని పట్టే ప్లాస్టిక్ చేపలు కనిపించాయి. తెప్పించాను. నేనే తూము దగ్గర విసిరి చూశాను. కొన్ని లాగుతుంటే నీళ్ళ అడుగుకు దూరిపోయాయి. తూము అడుగంతా ఆల్చిప్పలు. మొదటి సాయంత్రమే రెండు చేపలు వాటిలో ఇరుక్కుని దారం తెగిపోయింది. పైన తేలే రకం కూడా తెప్పించాను. అవి అడుగుకు పోవు గాని, వాటిని ఆడించాలంటే రాడ్డు కొసను క్షణానికోసారి చిన్నగా ఎగదోస్తూ, రెండో చేత్తో దారం చుట్టాలి. అంటే రెండు చేతులు కావాలి. పైపులో నిలబెట్టిన రాడ్డుతో లాగితే అవి పుల్లముక్కల్లా తిన్నగా వచ్చేస్తాయి. ఏ చేపా వాటివంక చూడదు.

అన్నకు కావాల్సింది వేరు. ఊరికే రీలు తిప్పుతూ పోతే చాలు, అదే తల అటూ ఇటూ ఆడించుకుంటూ, నీళ్ళు చిందించుకుంటూ పైపైన రావాలి. అలాంటిది బజారులో నాకు దొరకలేదు. మనమే చేద్దామనుకున్నాను. మనకు సైన్సు తెలుసు, చాకు పట్టుకోవడం తెలుసు, ఇంకేం కావాలి అనుకున్నాను.

గాలాల బరువుకు టేకు మునిగిందని ఈసారి అవిసె కొయ్య పట్టుకున్నాను. పొలం గట్టున కొట్టేసిన చెట్టుది. తేలికైన కొయ్యే. అది మునగలేదు. పక్కకు పడుకుని తేలింది. నిటారుగా నిలబెట్టి వదిలితే మళ్ళీ పక్కకు ఒరిగిపోయేది. పొట్టలో బరువు పెడితే నిలబడుతుందని తెలుసు. గరిటెలో సీసం కరిగించి, పొట్టకు వేసిన రంధ్రంలో పోశాను. కొయ్య లోపల ఇంకా పచ్చిగా ఉంది. సీసం తగలగానే బుస్సుమని ఆవిరి చిమ్మి, చుక్కలు నా మణికట్టు మీద పడ్డాయి. చెక్కచేప పొట్ట పగిలి నల్లగా మాడిపోయింది. మణికట్టు మీది మచ్చలు ఇప్పటికీ ఉన్నాయి. బడిలో ఎవరైనా అడిగితే నూనె చిందిందని చెప్పాను.

మూడోదానికి కరిగించే పని పెట్టుకోలేదు. వలలకు కట్టే సీసం గుళ్ళు తెచ్చి, ఒక్కొక్కటి రంధ్రంలో దించి జిగురు పోశాను. రెండు గుళ్ళు ముందుకు పడ్డాయి. చేప ముక్కు నీళ్ళలో పెట్టి తోక గాల్లోకి లేపింది. గుళ్ళు పీకేద్దామంటే జిగురు గట్టిపడిపోయింది. ఉలితో తవ్వుతుంటే ముక్క నిలువునా చీలింది.

నాలుగోది కుదిరింది. వెన్ను పైకి, పొట్ట కిందికి పెట్టుకుని తొట్టిలో బుద్ధిగా నిలబడింది. వేలితో నొక్కి వదిలితే మళ్ళీ అలాగే నిలబడేది. మూతి కింద రేకు ముక్క వంచి బిగించాను, లాగినప్పుడు తల ఆడుతుందని. వెండిరంగు వేశాను. రెండు గాలాలు తగిలించాను. నా భార్యను పిలిచి చూపించాను.

"బాగుండాది," అంది ఆమె. "ఇంక నాకు తొట్టి ఇస్తారా?"

ఆదివారం ఆరాధన అయిపోగానే బండి మీద ఊరికి పోయాను. కాలవకు రానని అన్న మొండికేశాడు. వదిన ఆయన కర్ర తెచ్చి చేతికిచ్చి, "పొయ్యి చూసి రా, నీ తమ్ముడు నెలల కొద్దీ చేసినాడంట," అంది. వచ్చాడు. పైపులో రాడ్డు పెట్టుకుని, నా చెక్కచేపను దారానికి కట్టించుకుని విసిరాడు. చాలా దూరం పోయింది.  ఆయన రీలు తిప్పడం మొదలుపెట్టాడు.

చేప ఒక మూరెడు దూరం నిటారుగా వచ్చింది. తర్వాత పక్కకు వాలింది. తర్వాత వెల్లకిలా తిరిగి, వెండిరంగు పొట్ట పైకి పెట్టుకుని, గాలాలు గాల్లో ఊపుకుంటూ గట్టుదాకా వచ్చింది.

అన్న మళ్ళీ విసిరాడు. మళ్ళీ అంతే. పది సార్లు విసిరి ఉంటాడు. పదిసార్లూ వెల్లకిలానే వచ్చింది.

"సచ్చిన చేప మాదిరి వస్తుండాదే," అన్నాడు. "దీనికి పండుగప్పలు రావు. కాకులొస్తాయి."

ఇంకో రోజైతే నేను కూడా నవ్వేవాణ్ణేమో. ఆ రోజు నాకు నవ్వు రాలేదు.

"ఇంట్లో పనులన్నీ మానుకోని చేస్తుండా అన్నా. చెయ్యి కాల్చుకోని చేసినా."

"ఎవురు చెయ్యమన్న్యారు?"

"ఎవురో చెయ్యమనాలనా? నీకోసమేగా."

అన్న నావైపు తిరిగి నిలబడ్డాడు. తిరగడానికి ఆయనకు కొంచెం సమయం పడుతుంది. ఆ సమయంలోనే నా మాట నాకే పుల్లగా అనిపించింది.

"నాకోసం చేస్తుండావా, నీ పంతం కోసం చేస్తుండావా? అది తేల్చుకోరా ముందు. నాకోసమైతే ఇంతమంది ముందర నన్ను ఈడ నిలబెట్టి ఈ చెక్కముక్క లాగించవు."

ఇంతమంది అంటే రొయ్యల గుంట కాపలావాళ్ళు ఇద్దరు. గట్టు మీద కూర్చుని చూస్తున్నారు. వాళ్ళను నేను అసలు గమనించలేదు. అన్న గమనించాడు.

ఇంటికి నడిచాం. వదిన కాఫీ ఇస్తే తాగకుండానే బండి తీశాను.

మూడు వారాలు ఊరికి పోలేదు. చాకు కూడా ముట్టుకోలేదు. కానీ మనసులో ఒకటే మెదులుతోంది. తొట్టిలో నిలబడిన చేప కాలవలో ఎందుకు పడిపోయింది? లాగినందుకా? రేకు బరువుకా? తరగతిలో పాఠం చెబుతూ చెబుతూ మధ్యలో అదే ఆలోచనలో పడిపోయేవాణ్ణి. అన్న అన్న మాట నిజమేనేమో అని కూడా అనిపించేది. ఆయన కాలవకు రాకపోయినా ఆ చెక్క నన్ను వదిలేలా లేదు.

సముద్రం ఒడ్డున జువ్వలదిన్నెలో ఒకప్పుడు తెప్పలు చేసిన పెద్దాయన ఉన్నాడని మా బడిలో ఎవరో చెప్పగా విన్నాను. ఒక శనివారం మధ్యాహ్నం చెక్కచేపను జేబులో వేసుకుని పోయాను. ఇప్పుడు అక్కడన్నీ ఫైబరు పడవలే. ఆయన ఒక పడవ నీడలో కూర్చుని వల బాగుచేస్తున్నాడు. వయసు డెబ్బై దాటి ఉంటుంది. చేపను చేతికిచ్చి సంగతంతా చెప్పాను. అన్న చెయ్యి గురించి కూడా చెప్పాను. ఆయన చేపను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"సారూ, దీన్ని యా నీళ్ళల్లో చూసినావు?"

"ఇంట్లో తొట్టిలో, పెద్దాయనా."

"తొట్టిలో అంటే మంచినీళ్ళా?"

"మంచినీళ్ళే."

ఆయన లేచి, పక్కనున్న రంగు డబ్బాతో సముద్రపు నీళ్ళు ముంచుకొచ్చాడు. చేపను అందులో వదిలాడు. మా తొట్టిలో నడుందాకా మునిగి నిలబడిన చేప అక్కడ పైకి తేలి, చిన్నగా ఊగి, ఒక పక్కకు ఒరిగిపోయింది.

"ఉప్పునీళ్ళు పైకి ఎత్తుతాయి గదా సారూ. పైకి లేచినాక కింద పట్టు చాల్లేదు దీనికి. నిలబడి ఉన్నప్పుడే ఒరుగుతుంటే, లాగితే తిరగబడకుండా ఎట్ట ఉంటాది?"

ప్రతి ఏడూ నేను రెండు గ్లాసులు తెచ్చి తరగతిలో బల్ల మీద పెడతాను. ఒకదాంట్లో మంచినీళ్ళు, ఒకదాంట్లో ఉప్పునీళ్ళు. మంచినీళ్ళలో గుడ్డు మునుగుతుంది, ఉప్పునీళ్ళలో తేలుతుంది. పిల్లలందరూ చూసి ఆశ్చర్యపోతారు. ఉప్పుకాలవలో వేసే చేపను మంచినీళ్ళలో తూచుకుని నెలలు గడిపింది ఆ గ్లాసులు పెట్టే మనిషే. ఇసకలో కూర్చుండిపోయాను. నా మీద నాకు పట్టరాని కోపం వచ్చింది. ఆ రంగు డబ్బాలోకి చూస్తూ ఉండిపోయాను.

ఆయన ఇంకోటి కూడా చెప్పాడు.

"సీసం పొట్ట నడుమ దాచినావు. అట్ట కాదు. ఇంకా కిందికి రావాల, అడుగు చర్మానికి ఆనుకోని. అడుగునుంటే తక్కువ సీసమైనా నిలబెడతాది."

వలల కుప్ప కింద పాత తెప్ప దుంగ ఒకటి ఉంది. బాడిసతో నాలుగు దెబ్బలు వేసి మూరెడు పొడవున్న లావుపాటి ముక్క తీసి ఇచ్చాడు. ఎండి ఎండి బెండులా ఉంది. ఏం చెట్టని అడిగితే, దుంగలుగా ఎక్కడినుంచో వచ్చేవని, తమకు తెప్పకొయ్య అనే తెలుసని చెప్పాడు.

ఆ సాయంత్రమే వదిన ఫోన్ చేసింది.

"అబ్బయ్యా, ఆదివారమైతే మీ అన్న వాకిట్లో కుర్చీ వేసుకోని రోడ్డు తట్టే చూస్తుండాడు. నువ్వు ఏమి రాలేదని ఆయన అడగడు. నేను అడుగుతుండా."

మరుసటి రోజు పోయాను. చెక్కచేప ఏదీ తీసుకుపోలేదు. రెండు క్యాన్లు తీసుకుపోయి, కాలవ నీళ్ళు నింపుకున్నాను. అన్న చూశాడు.

"ఆ నీళ్ళెందుకురా?"

చెప్పాను. గుడ్డు సంగతి కూడా దాచకుండా చెప్పాను. అన్న చాలాసేపు నవ్వాడు. జబ్బు చేసిన తర్వాత ఆయన అంతసేపు నవ్వడం అదే మొదలు. నాకు ఒళ్ళు మండింది గాని, క్యాన్ల మూతలు బిగించుకుంటూ ఊరుకున్నాను.

తెప్పకొయ్య మెత్తన. చాకు కొంచెం ఎక్కువ నొక్కితే చాలు, లోతుగా దిగిపోతుంది. మొదటి రెండు ముక్కలు అలాగే పాడయ్యాయి. మూడోదానికి పొట్ట అడుగునే కాలవలా గీసి, సీసం గుళ్ళను సుత్తితో పలచగా సాగగొట్టి అందులో పరిచాను. ప్లాస్టిక్ డ్రమ్ములో కాలవ నీళ్ళు పోసి అందులో చూసుకున్నాను. నిలబడింది. కానీ మూతి కింద రేకు ఎన్ని విధాల వంచి బిగించినా తల ఆడటం లేదు. ఒకసారి నీళ్ళ కిందికి దూరేది, ఒకసారి తిన్నగా వచ్చేది. చిన్న రేకు, పెద్ద రేకు, వాలుగా, నిలువుగా. ఎన్ని రేకులు కత్తిరించానో నాకే గుర్తు లేదు. వేళ్ళన్నీ గాట్లే. సుద్దముక్క పట్టుకుంటే మండేది.

చివరికి రేకు వదిలేసి, వంటింట్లో పెద్ద స్టీలు స్పూను ఒకటి తీసి దాని గుంటను కోసి, మూతి ముందు అడ్డంగా బిగించాను. లోతు వైపు ముందుకు. నీళ్ళు ఆ గుంటలో నిండి అటోసారి ఇటోసారి పొర్లిపోతే తల ఊగాలి కదా అని ఊహ. డ్రమ్ములో మూరెడు దూరం లాగితే అది తెలియదు. అలాగే ఊరికి తీసుకుపోయాను. స్పూను పోయిన సంగతి నా భార్యకు పాయసం వడ్డించేటప్పుడు గాని తెలియలేదు.

"చేపలకు పెట్టినారా?" అంది. "కానీలే. ఇంకోటి ఉండాది, అది మాత్రం ముట్టుకోబాకండి."

ఈసారి అన్నను నేను రమ్మనలేదు. నేనే గట్టున నిలబడి విసిరి లాగాను. అది వచ్చింది. తల ఎడమకు కొట్టి, కుడికి కొట్టి, నీళ్ళను గుడగుడలాడించుకుంటూ, బాతుపిల్ల ఈదుకుంటూ వచ్చినట్టు పైపైన వచ్చింది. ఎంత మెల్లగా లాగినా అలాగే వచ్చింది. వెనక్కి తిరిగి చూస్తే అన్న కర్ర పట్టుకుని వస్తున్నాడు. ఆ చప్పుడు ఇంటి దగ్గరికి వినపడదు. మరి ఎందుకు వచ్చాడో నేను అడగలేదు.

"ఇట్టియ్యి," అన్నాడు.

మూడోసారి విసిరినప్పుడు, తూము నురగ పక్కనుంచి వస్తుండగా నీళ్ళు ఒక్కసారిగా పగిలాయి. చెక్కచేప మాయమైంది. పైపులో రాడ్డు విల్లులా వంగింది. అన్న రీలు మీద చెయ్యి తీయలేదు. చేప ఒకసారి పైకెగిరి తల విదిలించింది. వెండిపళ్ళెం అంత ఉంది దాని పక్క. నేను దగ్గరికి పరుగెత్తబోతే అన్న, "ఆడే ఉండు," అన్నాడు. ఉండిపోయాను. చేప మళ్ళీ ఎగిరింది. రాడ్డు టక్కున నిలువుగా లేచింది. దారం వదులైపోయింది.

అన్న మెల్లగా చుట్టుకున్నాడు. చెక్కచేప వచ్చింది. తోక దగ్గర గాలం లేదు. గాలాన్ని పట్టి ఉంచిన స్క్రూ కూడా లేదు. అది ఉన్న చోట మెత్తటి చెక్కలో సన్నటి రంధ్రం మిగిలింది.

"మరమేకు ఎంత పొడుగుది పెట్టినావురా?"

చిటికెనవేలి మొదటి కణుపు చూపించాను. ఆయన ఆ రంధ్రాన్నీ నా వేలినీ చూశాడు. చేపను నా చేతిలో పెట్టి, కర్ర తీసుకుని ఇంటికి నడిచాడు. నేను గట్టున ఒంటరిగా నిలబడి, చేప పడితే వెయ్యాలని తెచ్చిన బక్కెట్‌ను కాలితో తన్నాను. అది దొర్లి కాలవలో పడింది. మోకాలి లోతు బురదలో దిగి తెచ్చుకోవాల్సి వచ్చింది.

స్క్రూలు పనికిరావని, మూతినుంచి తోకదాకా ఒకే స్టీలు తీగ పోవాలని అప్పుడు తెలిసింది. సైకిల్ పుల్లలు వంచి వాడాను. తీగ పెట్టాలంటే పొట్టను నిలువునా రంపంతో కోయాలి. కోస్తే మెత్తటి కొయ్య చీలుతుంది. చీలకుండా కోస్తే తీగ బరువు తోడై, సీసం లెక్క మొత్తం తప్పుతుంది. సీసం తగ్గిస్తే ఒరుగుతుంది. జిగురు సరిగా ఆరకముందే రంగు వేస్తే రంగు పొక్కులు లేస్తుంది. అన్నీ సరిపోయాయనుకున్నది ఒకటి, వారం తర్వాత నీళ్ళు తాగి ఉబ్బి, కోసిన గీత వెంట నోరు తెరిచింది. ఆ వేసవి అంతా అలాగే పోయింది. ఈలోగా కాలవ సముద్రంలో కలిసే మొగ దగ్గర ఇసక మేట వేసి, సముద్రం నీళ్ళు కాలవలోకి రావడం ఆగిపోయింది. చేపలు లేవు. అన్న అయినా రోజూ సాయంత్రం తూము దగ్గరికి పోయి, ఖాళీ నీళ్ళలో ఏదో ఒక పాత చెక్కచేపను విసిరి లాక్కుని వస్తున్నాడని వదిన చెప్పింది.

వానలు పడి మొగ దగ్గర మేట తెగిన తర్వాత ఒక ఆదివారం, కొత్తది ఒకటి ఇచ్చి వచ్చాను. తీగ ఉన్నది, బజారులో కొన్న స్పూనుతో చేసిన మూతి ఉన్నది. బాగానే ఈదింది. ఆ సాయంత్రం ఏమీ పడలేదు.

బుధవారం నాకు బడిలో పరీక్ష డ్యూటీ. ఫోన్ పక్కన పెట్టేశాను. బయటికి వచ్చి చూస్తే వదిన నాలుగుసార్లు చేసింది. ఆయనకు మళ్ళీ ఏమైందోనని వెంటనే తిరిగి చేశాను.

"ఏమీ లేదు అబ్బయ్యా. మబ్బుగా ఉండాదని మధ్యాన్నమే పొయ్యి మీ అన్న చేప పట్టినాడు. తల నీకని పక్కన పెట్టినా, వచ్చేయి."

బడి నుంచి నేరుగా ఊరికి పోయాను. నేను పోయేసరికి చేప లేదు. సగం ఇరుగుపొరుగుకు పంచేశారు, సగం పొయ్యి మీద పులుసులో ఉంది. అన్న వాకిట్లో కుర్చీలో కూర్చున్నాడు. లుంగీ నిండా పొలుసులు.

"ఎవురైనా ఉన్న్యారా పక్కన?" అని అడిగాను.

"ఎవుడూ లేడు."

"మరి గట్టుకు ఎట్ట లాగినావు?"

"రాడ్డు పట్టుకోని ఎనక్కి నడిచినా. గట్టెక్కినాక కాలితో తొక్కిపట్టినా."

"గాలం?"

"మోకాలి కింద పెట్టుకోని పట్టకారుతో తీసినా." ఇదంతా రోజూ చేసే పనే అన్నట్టు చెప్పాడు. లుంగీ మీది పొలుసు ఒకటి గిల్లేసి, "ఎంత ఉండాదో నువ్వు చూడాల్సింది," అన్నాడు.

చూడాల్సింది. ఏడాది పాటు చెయ్యి కాల్చుకుని, వేళ్ళు కోసుకుని, ఆ ఒక్క క్షణం కోసం చేశాను. అది జరిగే సమయానికి నేను కిటికీ పక్కన నిలబడి, పక్కవాడి పేపరు చూడొద్దని పిల్లల్ని గద్దిస్తున్నాను. సంతోషంగా లేదా అంటే ఉంది. 

"చెక్కచేప ఏదన్నా?" అన్నాను. గాట్లు ఎలా పడ్డాయో, తీగ వంగిందేమో చూద్దామని.

అన్న చూపు పక్కకు తిప్పుకున్నాడు.

"మళ్ళీ విసిరినా. ఇంకో చేప పట్టి దాన్ని తీసుకోని పోయింది. ఆల్చిప్పలకు దారం తెగింది."

అప్పుడు తట్టింది నాకు. ఆ చేపలో ఎన్ని సీసం గుళ్ళు పరిచానో, మూతినుంచి ఎంత దూరంలో మొదలుపెట్టానో, స్పూను ఎంత వాలుగా బిగించానో ఎక్కడా రాసుకోలేదు. చెడిపోయిన వాటివి ఏవేవో గుర్తున్నాయి. సరిగా వచ్చిన ఒక్కదాని లెక్క లేదు. ఆ మాట అన్నకు చెప్పాను. తిడతాడనుకున్నాను.

"గుళ్ళు ఉండాయా నీ కాడ?"

బండి డిక్కీలో ఉన్నాయి. మిగిలిన తెప్పకొయ్య ముక్క కూడా ఉంది. తెచ్చాను. అన్న కొయ్య ముక్కను కుడి అరచేతిలో పెట్టించుకుని కళ్ళు మూసుకున్నాడు.

"దాన్ని రోజూ ఈ చేత్తోనే గదా ఎత్తింది. పెట్టు, చెప్తా."

కొయ్య మీద ఒక గుండు పెట్టాను. ఇంకోటి అన్నాడు. ఇంకోటి పెట్టాను. ఐదోదానికి చెయ్యి కొంచెం ఊపి చూశాడు.

"ఇంతే ఉన్నట్టుండాది." మళ్ళీ ఊపాడు. "కాదేమో. ఒకటి తియ్యి."

ఆ రోజు అనుకున్న లెక్కతో ఇప్పటికి నాలుగు చేశాను. ఒకటి ముక్కు ముంచుతుంది. ఒకటి గిరగిరా తిరిగి దారాన్ని మెలిపెడుతుంది. ఒకటి చీలింది. నిన్నటిది నిలబడుతుంది, తల ఆడిస్తుంది, కానీ వచ్చేటప్పుడు ఎడమవైపుకే లాక్కుపోతుంది. స్పూను అంచును ఎన్నిసార్లు సుత్తితో సరిచేసినా అదే దారి. ఇంకో వారం ఆగు, సరిచేసి తెస్తానన్నాను. అన్న అప్పటికే దాన్ని దారానికి కట్టుకుంటున్నాడు. ముడి కొసను పళ్ళతో పట్టి బిగిస్తూ, ఆ సందులోంచే అన్నాడు.

"ఎడమకు పోతే పోనీరా. తూముకు ఆ పక్క నిలబడి విసురుతా."